రేటింగు తీసేసి మళ్లీ పంపు

తమ్ముడూ,

నువ్వు పంపిన సినిమా, సిరీస్ కబుర్లు రాత్రే చదివేశాను. చెయ్యి తిరుగుతోంది, సంతోషం. ఒళ్లు మండింది మాత్రం ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’ దగ్గర. "ఫీల్ గుడ్ మూవీ, సెకండాఫ్ కొంచెం ల్యాగ్, వన్ టైమ్ వాచ్, 2.75" అని నాలుగు ముక్కలు పడేసి తర్వాతదానికి వెళ్లిపోయావు. ఉండేదేమో గుంటూరు బ్రాడీపేటలో! కొలకలూరు కుర్రాడు గుంటూరులో హోటల్ పెట్టి బొంబాయి చట్నీతో నెగ్గుకొద్దామనుకునే కథ అది. పూరీలో ఆ చట్నీ నంజుకుంటూ పెరిగినవాడివి, దాని గురించి ఒక్క మాట రాయలేదేం? కొండలరావుగా గోపరాజు రమణ నోరు తెరిస్తే మీ వీధిలో ఏ పెద్దాయనా గుర్తుకు రాలేదా? ల్యాగ్ ఉందని ఎక్కడో కూర్చుని ఎవడైనా రాస్తాడు.

నాలుగు వాక్యాలు రాస్తే ఒక్కటైనా నీ కంటితో చూసింది ఉండాలి. చాదస్తమనుకున్నా సరే, నేను చెప్పేది ఇదే. 1957 నాటి ‘మాయాబజార్’ మీద ఎన్ని వ్యాసాలు చదివానో, అవేవీ గుర్తులేవు గానీ మా పిన్ని అన్న మాట గుర్తుంది: "పెళ్లిపీటల మీద రేలంగి కాలు తొక్కేటప్పుడు సావిత్రి మొహంలో ఎస్వీ రంగారావు కనబడ్డాడ్రా."

విజయవాడ గాంధీనగర్‌లో మార్నింగ్ షో చూసి, పరుగున ఆఫీసుకెళ్లి సాయంత్రానికి రివ్యూ ఇచ్చే రోజుల్లో మా ఎడిటర్ ఇలాంటి వాక్యాలనే వెతికి మరీ కొట్టేసేవాడు. "ఇవన్నీ ఎవడిక్కావాలయ్యా, ఆడుద్దా ఆడదా చెప్పు" అనేవాడు. ప్రకటనలు వచ్చే వారమైతే అదీ చెప్పనిచ్చేవాడు కాదనుకో. ఒక సినిమాలో తల్లి ఏడుస్తూనే, పోపు మాడిపోతుందని గరిటె తిప్పే సీన్ ఉంటే దాని గురించి ఇష్టంగా రాశాను. తీరా చూస్తే "సెంటిమెంట్ పండింది" అని అచ్చయింది, నా పేరుతోనే! తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. ఆయన ఇప్పుడు లేడు, ఆయన పని ఈ పాయింట్ సెవెంటీఫైవులు చేస్తున్నాయి.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం ‘నైంటీస్’ సిరీస్ గురించి నువ్వు రాసిన ఒక్క వాక్యం. గ్రైండర్ ఆపి వచ్చి అమ్మ గుమ్మంలోనే నిలబడి చూసిందనీ, ఉప్మా గొడవకి ఇంట్లో అందరూ నవ్వుతుంటే తను నవ్వలేదనీ రాశావు. అక్కడ నేను ఫోన్ పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోయాను. ఎందుకు నవ్వలేదో అడిగావా? అడగకపోయినా పర్లేదు గానీ, దాని కింద మళ్లీ 3.25 అని ఎందుకేశావురా!

యూట్యూబ్ ఛానల్ పెట్టాలా, ఏ పత్రికకి పంపాలి అని ఏవేవో అడిగావు, వాటి సంగతి ఇంకోసారి. ముందు ఆ హిందీ సిరీస్ ‘పంచాయత్’ పేజీ చించెయ్. పెళ్లికొడుకు రివాల్వింగ్ కుర్చీ దగ్గర అలిగే ఎపిసోడ్ ఉంది చూడు, మనవైపు అల్లుళ్ల అలకలు చూసినవాడివే కదా, దాని మీద నాలుగు వాక్యాలు రాసి వచ్చే వారంలోగా పంపు. కింద అంకె కనబడిందా, చదవను.