అక్క ఉండేది మూడు వారాలే, నాకేమో సముద్రంతో పని

ప్రశ్న: సముద్ర జీవశాస్త్రంలో పీజీ చేస్తున్నాను. ఈ వేసవి రెండు నెలలూ ఒక రాతి తీరంలో ఫీల్డ్‌వర్క్. అక్కడే గది తీసుకుని ఉంటున్నాను. ఇంటికి ఒక పూట ప్రయాణం. ఆటు వేళ సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, రాళ్ల మీద గుర్తు పెట్టుకున్న చోట్ల నత్తలు, బార్నకిల్స్ (రాళ్లకు అంటుకుని బతికే గట్టి పెంకు చిరుజీవులు), ఆల్చిప్పలు లెక్కపెట్టాలి. బాగా దిగువన ఉన్న చోట్లు పౌర్ణమి, అమావాస్యల ముందు వెనకల మాత్రమే బయటపడతాయి. సరిగ్గా ఇప్పుడే మా అక్క రెండేళ్ల తర్వాత తన బాబుతో ఇంటికి వస్తోంది. ఉండేది మూడు వారాలు. "నువ్వెప్పుడు వస్తావు?" అని అమ్మ రోజూ ఫోను చేస్తుంది. "చూస్తాను" అంటే కోపం. మొన్న లెక్క మధ్యలో ఉండగా ఫోను మోగింది, లెక్క తప్పింది, విసుక్కున్నాను. "నత్తల పాటి కూడా చేయమా మేము?" అని పెట్టేసింది. తోటి విద్యార్థిని రాని రోజున ఒక్కదాన్నే వెళ్తున్నానని తెలిశాక గొడవ ఇంకా పెరిగింది. నాన్న మాత్రం ఏమీ అనరు. "ఇవాళ ఆటు ఎన్నింటికమ్మా?" అని అడిగి ఊరుకుంటారు. ఇప్పుడు రాత్రిళ్లు ఫోను ఆపేసి పడుకుంటున్నాను. అమ్మది స్వార్థం అనిపిస్తోంది. అలా అనిపించినందుకు మళ్లీ నాకే ఏడుపు వస్తోంది. ఇంటికి వెళ్తే డేటా పోతుంది, వెళ్లకపోతే అక్క వెళ్లిపోతుంది. ఏం చేయను?

జవాబు: మీ ఉత్తరం మరోసారి చదివి చూడండి. పని మానేసి రమ్మని అమ్మగారు ఎక్కడా అనలేదు. ఎప్పుడు వస్తావని అడిగారు. దానికి మీ దగ్గర ఒక తేదీ లేదు, "చూస్తాను" అనే మాటే ఉంది. రోజూ అదే ప్రశ్నకు అదే జవాబు వింటే, కూతురికి రావాలని లేదేమోనని ఏ తల్లికైనా అనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత ఇద్దరు కూతుళ్లనూ ఒక్కచోట చూసుకోవాలనుకోవడాన్ని స్వార్థం అనకండి. అలా అనిపించినందుకు ఏడవనూ అక్కర్లేదు. అలసిపోయిన మనిషికి ఇంతకన్నా చెడ్డ ఆలోచనలే వస్తాయి.

తేదీ ఎలా చెప్పాలో మీకు నాకన్నా బాగా తెలుసు. పౌర్ణమికీ అమావాస్యకూ చంద్రుడు, సూర్యుడు, భూమి ఒకే వరుసలోకి వస్తాయి గనక పోటు బాగా పైకి, ఆటు బాగా కిందికి వెళ్తాయి. మధ్యలో, అష్టమి నాటికి సూర్యచంద్రుల లాగుడు ఒకదానికొకటి అడ్డం పడుతుంది. ఆ తర్వాత రెండు మూడు రోజుల వరకు నీరు పెద్దగా పెరగదు, పెద్దగా తగ్గదు. మీ దిగువ చోట్లు ఆ రోజుల్లో నీళ్లలోనే ఉంటాయి. మీరు అక్కడే కూర్చున్నా వాటిని లెక్కపెట్టలేరు. మరి ఆ రోజుల్లో మీరు గదిలో ఏం చేస్తున్నారు? లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ ఉండి ఉంటారు. అది ముఖ్యమే, కానీ పోటు వచ్చి దాన్ని తుడిచేయదు.

పెద్ద ఆటుల నుంచి మళ్లీ పెద్ద ఆటులకు సుమారు పదిహేను రోజులు పడుతుంది. అంటే అక్క ఉండే మూడు వారాల్లో మీకు పని కుదరని విడత ఒకటి తప్పకుండా పడుతుంది, తేదీలు కలిసొస్తే రెండు. ఆటుపోట్ల పట్టిక తీసి ఆ రోజులకు గుర్తు పెట్టండి. పైనున్న చోట్ల లెక్కలను ఒకటి రెండు రోజులు ముందుకో వెనక్కో జరపవచ్చునేమో మీ గైడును అడగండి. పట్టిక చేతిలో పట్టుకుని వెళ్లి "ఈ నాలుగు రోజులు ఇంటికి వెళ్తాను, ఈ ఐదు రోజులు కదలను" అంటే కాదనే గైడు అరుదు. ఆ తర్వాతే ఇంటికి ఫోను చేయండి. "ఫలానా రోజు పొద్దున వస్తాను, ఫలానా రోజు రాత్రి బయలుదేరతాను" అని చెప్పండి. ఆ నాలుగు రోజులకూ కంప్యూటర్ తీసుకెళ్లవద్దు. తీసుకెళ్తే మనిషి ఇంట్లో, మనసు గదిలో ఉంటుంది. అమ్మగారు అది పసిగట్టడానికి పూట కూడా పట్టదు.

కదలలేని రోజుల గురించి కూడా ఇంట్లో వివరంగా చెప్పాలి. బస్సు తప్పితే ఇంకొకటి వస్తుంది, పౌర్ణమి ఆటు తప్పితే పదిహేను రోజులు ఆగాలి. ఈ లోగా ఆ రాతి మీద ఏం మారిందో ఎవరూ చెప్పలేరు. పోనీ, మీ బదులు ఇంకొకరిని పంపుదామా అంటే, లెక్క కోసం రాతి మీద పెట్టే ఒకే చట్రంలో ఇద్దరు లెక్కపెడితే రెండు రకాల అంకెలు వస్తాయి. చిటికెన వేలి గోరులో సగం కూడా లేని బార్నకిల్‌ను ఒకరు చూస్తారు, ఒకరు వదిలేస్తారు. అందుకే మొదట లెక్కపెట్టిన మనిషే చివరిదాకా లెక్కపెట్టడం మంచిది. ఇదంతా మీకు మామూలు విషయం. అమ్మగారికి ఎవరైనా చెప్పారా? నాకు అనుమానమే.

నత్తల మాట మీకు గుచ్చుకుందని తెలుస్తూనే ఉంది. జీవవైవిధ్యం, పర్యావరణం లాంటి పెద్ద మాటలతో దానికి బదులు చెప్పకండి. ఒక కథ చెప్పండి. 1960లలో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో ఒక రాతి పట్టీ మీద ఉన్న, ఆల్చిప్పలను తినే సముద్ర నక్షత్రాలను (స్టార్‌ఫిష్) పీకి నీళ్లలోకి విసిరేస్తూ వచ్చాడు. పక్కనున్న పట్టీని అలాగే వదిలేశాడు. నక్షత్రాలు లేని చోట ఆల్చిప్పలకు అడ్డు లేకుండా పోయింది. అవి రాయిని కమ్మేసి మిగతా జీవులను గెంటేశాయి. మొదట ఉన్న 15 రకాల్లో 8 మిగిలాయని 1966లో ఆయన ప్రచురించాడు. ఒక్క వేట జీవి మీద మిగతా వాటి బతుకు ఎంతగా ఆధారపడి ఉందో ప్రపంచానికి తెలిసింది ఆయన రాళ్ల మీదికి మళ్లీ మళ్లీ వెళ్లి లెక్కపెట్టడం వల్ల. ఇది వింటే అమ్మగారు మీ పనిని మెచ్చుకుంటారని హామీ ఇవ్వలేను. కనీసం నత్తలతో తనను పోల్చుకోవడం మానేస్తారు.

ఒంటరిగా వెళ్లే విషయంలో మాత్రం నేను పూర్తిగా అమ్మగారి పక్షం. దిగువ రాళ్ల మీద నాచు ఎంత జారుతుందో మీకు తెలుసు. చట్రం మీద వంగి లెక్కపెట్టే మనిషికి వెనక ఏ అల లేచిందో కనబడదు. కాలు మెలికపడి అక్కడే కూర్చుండిపోతే పోటు మీ కోసం ఆగదు. ఆటుకు గంటన్నర ముందు దిగి, నీరు తిరగబడగానే పైకి రావడం, ఇద్దరుగా వెళ్లడం, ఏ వేళకు తిరిగి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లడం తప్పనిసరి. తోటి అమ్మాయి రాని రోజున లెక్క పోతే పోనివ్వండి, లేదా ఇంకెవరినైనా తోడు పంపమని గైడును అడగండి. వాళ్లు లెక్కపెట్టనక్కర్లేదు, సముద్రం వైపు చూస్తూ నిలబడితే చాలు. ఇక ఒంటరిగా వెళ్లనని అమ్మగారికి మాట ఇవ్వండి, ఇచ్చిన మాట నిలుపుకోండి. ఆమె గొడవలో సగం భయమేనని నా అంచనా.

ఫోను సంగతి. ఆటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది గనక నిన్న ఖాళీగా ఉన్న వేళకు ఇవాళ మీరు నీళ్ల అంచున ఉంటారు. అమ్మగారికి ఇది తెలియదు. నిన్న మాట్లాడిన వేళకే ఇవాళా చేస్తారు. అయితే మీ తీరంలో పౌర్ణమి, అమావాస్యల నాటి పెద్ద ఆటు ప్రతిసారీ ఇంచుమించు ఒకే వేళకు వస్తుంది. కాబట్టి ఏ వేళ ఫోను చేయకూడదో ఇంట్లో క్యాలెండర్ మీద ముందే రాసిపెట్టవచ్చు. ఆ పని అక్కకు అప్పగించండి. లెక్కకు దిగేటప్పుడు ఫోను సంచిలో మోగకుండా ఉండనివ్వండి, ప్రమాదం వస్తే వాడుకోవడానికి అది దగ్గర ఉండాలి. రాత్రి పూర్తిగా ఆపేయడానికి మాత్రం ఆటుపోట్లను సాకుగా చూపలేరు. అది అలకే. భోజనం తర్వాత పది నిమిషాలు మీరే చేసి మాట్లాడి, ఆ తర్వాత ఆపేసి హాయిగా నిద్రపోండి.

అక్కనూ బాబునూ ఒక రోజు అక్కడికే రమ్మంటే? పెద్ద ఆటు రోజైతే మీ లెక్క ముగించుకుని పైకి వచ్చాక, ఒడ్డుకు దగ్గరి రాతి గుంటల దగ్గర వాడికి ఒక్క రాయి ఎత్తి చూపించండి. దాని కింద పీతో, చిన్న చేపో కనబడుతుంది. చూశాక రాయిని ఎలా ఉన్నదో అలాగే మెల్లగా పెట్టాలని కూడా వాడికే నేర్పండి. మీ గుర్తులున్న చోట్ల మీద మాత్రం వాడిని పరుగెత్తనివ్వకండి. పసివాళ్ల చెప్పులకు బార్నకిల్స్ తట్టుకోలేవు, బార్నకిల్స్‌కు పసివాళ్ల మోకాళ్లూ తట్టుకోలేవు. అమ్మగారు కూడా వస్తానంటే మరీ మంచిది, కానీ బలవంతం చేయకండి. "నా పని చూస్తే నీకే తెలుస్తుంది" అని తీసుకెళ్తే అది పంచాయితీ అవుతుంది.

చివరగా నాన్నగారు. ఇంట్లో మీ పని గురించి రోజూ అడుగుతున్నది ఆయనే, మీరు గమనించినట్టు లేదు. ఆటు వేళ చెప్పి ఊరుకోకుండా ఇవాళ ఏం కనబడిందో కూడా చెప్పండి. పట్టిక ఒక ప్రతి ఆయనకూ పంపండి. "అది ఇప్పుడు నీళ్లలో ఉంటుంది, గంటాగి చేయి" అని అమ్మగారికి చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఆయనొక్కరే. అక్క ప్రయాణం తేదీలు ఖాయమయ్యాయో లేదో మీరు రాయలేదు. ఇంకా టికెట్లు తీసుకోకపోతే మాత్రం ఈ పట్టిక ముందు ఆమెకే పంపండి. రెండు రోజులు అటూ ఇటూ జరిపితే మీకు ఒక విడత బదులు రెండు దొరకవచ్చు.