మగ పిల్లికి మూత్రం ఆగితే తెల్లారేదాకా ఆగకండి

పోయిన నెల ఒక శుక్రవారం రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. గుంటూరు నుంచి ఎమ్మెస్‌కి అమెరికా వచ్చి ఏడాది కూడా కాని అబ్బాయి. రూమ్మేట్ ఉద్యోగం వచ్చి వేరే ఊరికి వెళ్తూ వదిలేసిన పిల్లిని తనే సాకుతున్నాడు. "అక్కా, సాయంత్రం నుంచి పదిసార్లు లిట్టర్ బాక్స్‌లోకి వెళ్లి కూర్చుంది. ముక్కుతోంది, ఏమీ రావట్లేదు. మలబద్ధకం అనుకుంటా. ఇంట్లో ఆముదం ఉంది, పట్టమంటావా?"

"మగదా, ఆడదా?" అని అడిగాను. మగదే. "ఇవాళ బాక్స్‌లోని ఇసుకలోంచి మూత్రం తడికి కట్టిన గడ్డలు ఎన్ని తీశావు?" కాసేపు ఆలోచించి, "పొద్దున ఒకటి. తర్వాత ఏమీ లేవు" అన్నాడు. "ఆముదం వద్దు, ఏమీ వద్దు. ఇప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్లు" అన్నాను.

ఫోన్లోనే అంత గట్టిగా చెప్పగలిగానంటే కారణం మా పిల్లి చింటూ. ఆరేళ్ల కిందట ఒక రాత్రి అది బాత్‌టబ్‌లోకి దిగి కూర్చుని, ఎప్పుడూ లేనిది సన్నగా మూలిగింది. లేచాక చూస్తే తెల్లటి టబ్ అడుగున గోరంత గులాబీ రంగు చుక్క. మేమూ మలబద్ధకమే అనుకున్నాం. డబ్బా గుమ్మడి గుజ్జు ఒక చెంచాడు తినిపించి పడుకున్నాం. తెల్లారి లేచేసరికి మంచం కింద మూలకి నక్కి ఉంది, పక్కన వాంతి. ఎత్తుకోబోతే కసిరింది. పొత్తికడుపులో బత్తాయంత గట్టిగా చేతికి తగిలింది. అది మూత్రాశయం. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికింది. కానీ ఆ రాత్రంతా అది పడిన నొప్పి తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు కలుక్కుమంటుంది.

మన ఊళ్లో పిల్లి దానంతటదే వచ్చి ఇన్ని పాలు తాగి పోయేది. పెరట్లో ఎక్కడ పోసిందో, రోజుకి ఎన్నిసార్లు పోసిందో ఎవరూ చూడలేదు. అందుకే ఏది మామూలో, ఏది జబ్బో మనలో చాలామందికి తెలియదు. ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో పిల్లి గడప దాటదు కాబట్టి దాని ఆరోగ్యం సగం ఆ లిట్టర్ బాక్స్‌లోనే కనిపిస్తుంది. తడి తగిలితే గడ్డ కట్టే రకం ఇసుక కొనండి. రోజూ ఒకే టైముకి తీయండి, గడ్డలు లెక్కపెట్టండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి సాధారణంగా రోజుకి రెండు నుంచి నాలుగుసార్లు పోస్తుంది. నిమ్మకాయంత ఉండే గడ్డలు ఒక్కసారిగా బఠాణీలంత అయినా, అసలు లేకపోయినా అదే మీకు మొదటి సూచన.

మాటిమాటికీ బాక్స్‌లోకి వెళ్లిరావడం, ముక్కడం, అరవడం, కింద అదేపనిగా నాక్కోవడం, సింక్‌లోనో టబ్‌లోనో పోయడానికి ప్రయత్నించడం, ఎర్రటి చుక్కలు పడడం — ఇవన్నీ మూత్రాశయం వాచినా కనిపిస్తాయి, దారి మూసుకుపోయినా కనిపిస్తాయి. కొద్దికొద్దిగా అయినా పోస్తుంటే మర్నాడు డాక్టరుకి చూపించవచ్చు. ఏమీ రాకపోతే, ఒకటి రెండు చుక్కలే పడుతున్నా, వస్తోందో లేదో మీకు తేలకపోయినా సరే, రాత్రే వెళ్లాలి. వాంతులు, తిండి మానేయడం, వాడిపోయి ఒకచోట పడి ఉండడం మొదలయ్యాయంటే అప్పటికే ఆలస్యమైంది. పొట్ట నొక్కి పోయించాలని మాత్రం చూడకండి. నిండి బిగిసిన మూత్రాశయం చిట్లిపోవచ్చు.

మగదానికే ఎందుకంటే, దాని మూత్రనాళం ఆడదానికంటే పొడుగు, చివరికి వచ్చేసరికి బాగా సన్నం. జిగురు, ఇసుకలాంటి క్రిస్టల్స్ కలిసి చిన్న బిరడాలా అడ్డం పడినా, ఆవగింజంత రాయి ఇరుక్కున్నా, వాపుతో నాళం బిగుసుకున్నా దారి మూసుకుపోతుంది. మూత్రం వెనక్కి తన్ని కిడ్నీల మీద ఒత్తిడి పడుతుంది. బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలో పెరిగి గుండె లయ తప్పుతుంది. పూర్తిగా మూసుకుపోతే ఒక రోజులోనే పరిస్థితి విషమిస్తుంది, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన పిల్లికైనా ఇది రావచ్చు.

కొత్తగా వచ్చినవాళ్లకి ఇంకో సంగతి. ఇక్కడ మామూలు వెట్ క్లినిక్‌లు సాయంత్రానికే మూసేస్తారు. రాత్రుళ్లు, సెలవు రోజుల్లో చూసే ఎమర్జెన్సీ పశువుల ఆసుపత్రులు వేరే ఉంటాయి. మీ దగ్గర్లోది ఎక్కడుందో పిల్లి బాగున్నప్పుడే చూసి ఫోన్‌లో సేవ్ చేసుకోండి. బయల్దేరుతూ ఫోన్ చేసి "మేల్ క్యాట్, స్ట్రెయినింగ్, నో యూరిన్" అని చెప్పండి. ఆ మూడు ముక్కలు వింటే వాళ్లకి అర్థమైపోతుంది, చాలాచోట్ల క్యూలో కూర్చోబెట్టకుండా పిల్లిని ముందు లోపలికి తీసుకెళ్తారు. ఆఖరిసారి ఎప్పుడు పోసింది, ఎప్పుడు తింది అన్నది గుర్తుపెట్టుకుని చెప్పండి.

లోపల ముందు సెలైన్ ఎక్కిస్తారు, రక్తంలో పొటాషియం ఎంతుందో చూసి గుండెని కాపాడే మందులు ఇస్తారు. తర్వాత మత్తు ఇచ్చి సన్నటి గొట్టం వేసి దారి తెరుస్తారు. ఆ గొట్టం ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు ఉంచుతారు. నొప్పి తగ్గడానికి మందులిస్తారు. ఎక్స్‌రేనో అల్ట్రాసౌండో తీసి రాళ్లున్నాయేమో చూస్తారు. మళ్లీ మళ్లీ మూసుకుపోయే పిల్లికి సన్నటి చివరి భాగం తీసేసి దారి వెడల్పు చేసే సర్జరీ ఉంది. అందరికీ అవసరం రాదు.

ఖర్చు దాచిపెట్టి లాభం లేదు. ఆసుపత్రిలో ఉంచితే పదిహేను వందల డాలర్ల నుంచి నాలుగు వేల దాకా అవ్వడం మామూలే, పెద్ద నగరాల్లో అంతకు మించీ అవుతుంది. ముందే ఎస్టిమేట్ చూపించి కొంత డిపాజిట్ కట్టమంటారు. స్టూడెంట్‌కి అది ఒక నెల అద్దె కంటే ఎక్కువ. మొహమాటపడి "ఆలోచించుకుని వస్తాం" అంటూ బయటికి రాకండి. మీ దగ్గర ఎంతుందో డాక్టరుకి సూటిగా చెప్పండి. తక్కువ రోజులు ఉంచడం లాంటి మార్గాలు ఉంటే వాళ్లే చెబుతారు. ఊళ్లో జంతువులని ఆదుకునే హ్యూమేన్ సొసైటీ క్లినిక్ ఉంటే అక్కడా అడగండి. వైద్యం ఖర్చుకి అప్పిచ్చే కేర్‌క్రెడిట్ లాంటి కార్డు ఉంది కానీ క్రెడిట్ హిస్టరీ లేనివాళ్లకి దొరకడం కష్టం. దొరికినా, వడ్డీ లేదన్న గడువులోపు మొత్తం కట్టకపోతే మొదటి రోజు నుంచీ వడ్డీ వేస్తారు. పెట్ ఇన్సూరెన్స్ పిల్లి ఇంటికి వచ్చిన వారంలోనే తీసుకోండి. జబ్బు బయటపడ్డాక తీసుకుంటే ఆ జబ్బుకి వర్తించదు. ఏ దారీ లేకపోతే, నొప్పి లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చడం గురించి కూడా డాక్టరు మాట్లాడతారు. వినడానికే కష్టం. కానీ డబ్బు లేదని ఇంట్లో వదిలేస్తే అది పడే యాతన అంతకంటే ఘోరం.

ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న మాత్రల జోలికి వెళ్లకండి. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్, ఇక్కడి టైలెనాల్ రెండూ ఒకటే. పిల్లి లివర్ దాన్ని అరిగించుకోలేదు, ఒక్క మాత్రతో చచ్చిపోవచ్చు. ఐబుప్రొఫెన్ కూడా విషమే. మిగిలిన యాంటీబయాటిక్ వేద్దామనీ అనుకోవద్దు. మనుషుల్లోలా కాదు, వయసులో ఉన్న పిల్లుల్లో ఈ బాధకి బ్యాక్టీరియా కారణమవడం అరుదు. ఎక్కువసార్లు కారణం దొరకని మూత్రాశయం వాపే, దానికి టెన్షన్ తోడవుతుంది. బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు అని అమ్మ ఫోన్‌లో చెబుతుంది. ప్రేమతోనే చెబుతుంది. కానీ దారి మూసుకున్నప్పుడు నీళ్లు పట్టడం వల్ల లాభం లేదు, బాధే ఎక్కువవుతుంది.

ఇంటికి తెచ్చాక మొదటి వారం పది రోజులు మళ్లీ మూసుకునే ప్రమాదం ఎక్కువ. గడ్డలు లెక్కపెట్టడం మానకండి. డాక్టరు హిల్స్ సి/డి, రాయల్ కానిన్ యూరినరీ లాంటి తిండి రాసిస్తే అదొక్కటే పెట్టండి, వేరేది కలపకండి. స్ట్రూవైట్ రకం రాళ్లని ఆ తిండే కొన్ని వారాల్లో కరిగిస్తుంది. కాల్షియం ఆక్సలేట్ రాళ్లు కరగవు, తీయించాల్సిందే. పొడి గుళికల్లో నీరు పదో వంతే, డబ్బా తడి తిండిలో ముప్పావు వంతుకు పైనే. మా చింటూకి ఇప్పుడు రెండుపూటలా తడి తిండే, పైన రెండు చెంచాల గోరువెచ్చటి నీళ్లు. మీరు శాకాహారులైనా పిల్లి కాలేదు. పెరుగన్నం మీద అది బతకలేదు. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూరలు అసలు పెట్టకూడదు.

టెన్షన్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. మన ఇళ్లలో పిల్లికి కలవరం పుట్టే సందర్భాలు చాలానే. లీజు అయిపోగానే ఇల్లు మారతాం, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆర్నెల్లు ఉంటారు, ఇండియా వెళ్తూ నెల రోజులు ఎవరింట్లోనో వదిలేస్తాం. ఇండియా వెళ్లేటప్పుడు దాన్ని కదిలించకుండా, తెలిసినవాళ్లనే రోజూ మీ ఇంటికి రమ్మనడం మేలు. కుదరకపోతే పాత బాక్స్, అదే ఇసుక, అదే తిండి, అది పడుకునే దుప్పటి దాంతోపాటు పంపండి. చూసుకునేవాళ్లకి గడ్డల లెక్క నేర్పి, ఆసుపత్రి నంబరు, ఖర్చుకి మీ ఒప్పుదల రాసిచ్చి వెళ్లండి. మీరు విమానంలో ఉన్నప్పుడు వాళ్లు ఎవర్ని అడుగుతారు?

ఆ గుంటూరు అబ్బాయి రాత్రి పన్నెండున్నరకి ఆసుపత్రి చేరాడు. దారి పూర్తిగా మూసుకుపోయిందట, కిడ్నీలు ఇంకా దెబ్బతినలేదట. డిపాజిట్ నలుగురు రూమ్మేట్లు కలిసి కట్టారు. ఆదివారం సాయంత్రం పిల్లి ఇంటికొచ్చింది. ఆ తర్వాత వారమంతా పొద్దున్నే నాకు ఇసుక చెంచాలో గడ్డల ఫొటో పంపేవాడు, కింద అంకె: మూడు. నాలుగు. మూడు.