ఆసుపత్రి మంచం దిగుతూ పడితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది దేవరకొండ. మా నాన్నగారికి 72 ఏళ్లు, షుగరు ఉంది. పోయిన దసరా తర్వాత నల్లగొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెర్నియా ఆపరేషన్ చేయించాం. రెండో రాత్రి బాత్రూముకని లేచి మంచం పక్కనే పడిపోయారు, తుంటి ఎముక విరిగింది. నేను వరండాలో నిద్రపోతున్నాను. అటెండెంటు పక్కనే ఉంటాడని మీరు సంతకం చేశారు కదా అంటున్నారు ఆసుపత్రివారు. అంతకు నెల ముందు ఆయన ఇంట్లోనూ జారిపడ్డారని చేర్చేటప్పుడే చెప్పాను. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. రోగి పడినంత మాత్రాన ఆసుపత్రిది నిర్లక్ష్యం అయిపోదు. పడే ప్రమాదం ఉందని గుర్తించారా, గుర్తించి ఏం చేశారు అన్నదే అసలు విషయం. అందుకే మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది, ముందే జారిపడ్డారని మీరు చెప్పిన మాట.

రోగి పడే ప్రమాదం ఎంతో అంచనా వేయడానికి నర్సులు వాడే మోర్స్ స్కేల్ అనే పట్టిక ఒకటుంది. ఈమధ్య మూడు నెలల్లో పడి ఉంటే 25 మార్కులు, మరో జబ్బు కూడా ఉంటే 15, చేతికి సెలైన్ సూది ఉంటే 20. 45 దాటితే ప్రమాదం ఎక్కువని సాధారణంగా లెక్క. ఆ రాత్రికి సూది తీయకపోతే, నడక సంగతి చూడకముందే మీ నాన్నగారికి 60 వస్తాయి. ఈ పట్టికే వాడాలని చట్టం చెప్పదు. కానీ ఏదో ఒక రకంగా అంచనా వేయని ఆసుపత్రి, వినియోగదారుల కమిషన్ ముందు జవాబు చెప్పుకోవడానికి తడుముకోవాల్సిందే.

సంతకం గురించి బెంగ వద్దు. నర్సు చేయాల్సిన పనిని కాగితం మీద కొడుక్కో కూతురికో అప్పగించినంత మాత్రాన ఆసుపత్రి బాధ్యత తీరిపోదు. అయితే లేవవద్దని చెప్పి, రెయిలింగ్ ఎత్తి, బెల్ చేతికి అందేలా పెట్టినా ఆయనే దిగారని వాళ్లు రుజువు చేస్తే మీ కేసు పలచబడుతుంది. ఆ బెల్ స్విచ్ ఎక్కడుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పడుకున్న మనిషికి అందకుండా తల వెనక గోడకు బిగించిన గదులు నేను చూశాను.

ముందు కేస్ షీటు మొత్తం, నర్సుల నోట్స్ సహా, రాతపూర్వకంగా అడిగి, అందినట్లు సంతకం తీసుకోండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. పడే ప్రమాదం అంచనా పత్రంలో వేసిన సమయం చూడండి: చేర్చిన రోజుదా, పడిన తర్వాతదా? రాత్రి నిద్రమందు ఇచ్చారేమో కూడా చూడండి. వరండా సీసీ కెమెరా దృశ్యాలు చెరిపివేయవద్దని అదే రోజు నోటీసు ఇవ్వండి, అవి ఎక్కువ రోజులు ఉండవు.

డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. నిర్లక్ష్యం కళ్లకు కట్టినట్లున్న ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో వి.కిషన్‌రావు కేసులో చెప్పింది. నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, పడిన రోజు నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు వేయాలి. ఆసుపత్రికి కట్టింది 5 లక్షలు మించకపోతే ఫీజు లేదు. తుంటి ఆపరేషన్ బిల్లులు, ఆయనను చూసుకోవడానికి మీరు పని మానుకున్న రోజుల వివరాలు ఇప్పటినుంచే ఒక ఫైలులో పెట్టండి.