సొంత కథ పక్కన పెట్టి, ముందు ఒక్క సీను రాసి చూపించండి

ప్రశ్న ఇది: కథలు రాసే అలవాటుంది, కొన్ని అచ్చయ్యాయి కూడా. సీరియల్‌కి పనికొచ్చే కథ ఒకటి సిద్ధంగా ఉంది. దాన్ని ఛానల్‌కి పంపితే టీవీ రచయితగా మొదలవ్వచ్చా, లేక ముందు ఏదైనా కోర్సు చేయాలా?

ఛానల్‌కి కథ పంపితే చదవరు. అడగకుండా వచ్చిన కథల్ని చాలా సంస్థలు తెరవకుండానే పక్కన పెడతాయి. చిన్నచూపుతో కాదు, కోర్టు భయంతో. రేపు వాళ్లు కాస్త పోలికలున్న సీరియల్ తీస్తే "నా కథ కొట్టేశారు" అని మీరు కేసు వేయొచ్చు. అప్పుడు "మేం చదవనే లేదు" అని చెప్పుకోగలగడమే వాళ్లకు రక్ష. పైగా ఆలోచనకు కాపీరైట్ ఉండదు, రాసిన రూపానికే ఉంటుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంటి కోడళ్లయ్యారన్నది ఎవరి సొత్తూ కాదు.

అసలు కొత్తవాళ్లను పెట్టుకునేది కథ కోసం కాదు. ఇంకొకరు అనుకున్న కథని, ఇంకొకరు పుట్టించిన పాత్రల గొంతుతో, చెప్పిన రోజుకి రాసివ్వగలరా లేదా, అదొక్కటే చూస్తారు. అమెరికాలో 'గైడింగ్ లైట్' అనే సీరియల్ 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకి వచ్చి, 2009 దాకా సాగింది. 72 ఏళ్లలో రాసే చేతులు ఎన్నిసార్లు మారుంటాయో ఊహించుకోండి. చేతులు మారినట్టు ప్రేక్షకుడికి తెలియకూడదు, ఈ ఉద్యోగం స్వభావమే అది. సొంత గొంతుతో కథలు రాసి పేరు తెచ్చుకున్నవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే.

డైలీ సీరియల్‌లో రాత పని సాధారణంగా మూడు ముక్కలవుతుంది. కథ రాసేవారు రాబోయే నెల రెండు నెలల ట్రాక్, అంటే కథ నడక, ఎటు పోవాలో చెబుతారు. స్క్రీన్‌ప్లే రాసేవారు దాన్ని ఎపిసోడ్లుగా కోసి, వన్‌లైన్ ఆర్డర్ వేస్తారు: ఏ సీను, ఎక్కడ, ఎవరెవరున్నారు, ఏం జరుగుతుంది. మాటల రచయిత దాన్ని డైలాగ్ వెర్షన్ చేస్తారు. కొత్తవాళ్లకు తలుపు తెరుచుకునేది ఎక్కువగా ఈ మూడో గదిలోనే, అదీ మాటల రచయితకి అసిస్టెంట్‌గా. వెబ్ సిరీస్‌లకైతే రైటర్స్ రూమ్ ఉంటుంది, అంటే రచయితలంతా కూర్చుని కలిసి కథ అల్లే చోటు. అందులో నోట్స్ రాసుకునే అసిస్టెంట్ పని చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పది మంది వాదించుకున్న నాలుగు గంటల గోలలోంచి తేలిందేమిటో రెండు పేజీల్లో తేల్చి రాయగలిగినవాళ్లను ఎవరూ వదులుకోరు. గేమ్ షోలు, రియాలిటీ షోలు, యాంకర్ స్క్రిప్టులూ ఉన్నాయి. వీటిని మన రచయితలు అనవసరంగా తక్కువ చూస్తారు. పోటీ తక్కువ, పని త్వరగా దొరుకుతుంది, టైముకి రాయడం ఒంటబడుతుంది.

ఇక లెక్క. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోను మీకు మిగిలేది సుమారు 22 నిమిషాలు. వారానికి ఆరు ఎపిసోడ్లంటే 132 నిమిషాలు, అంటే వారానికో సినిమా. ఎపిసోడ్‌కి ఆరేడు సీన్లు, ఒక్కోటి రెండున్నర నుంచి నాలుగు నిమిషాలు. ప్రతి ప్రకటనల విరామం ముందు ఒక హుక్, అంటే తర్వాతేమవుతుందోనని ప్రేక్షకుణ్ని ఆపే మలుపు, చివర్లో పెద్ద హుక్. ఆ చివరి హుక్కే మర్నాటి ఎపిసోడ్‌కి మొదటి సీను కాబట్టి, హుక్ రాసేటప్పుడే దాన్ని ఎలా విప్పాలో తెలిసుండాలి. తలుపు తట్టిన చప్పుడుతో ఎపిసోడ్ ముగించి, మర్నాడు తలుపు తీస్తే పాలవాడు కనిపిస్తే ప్రేక్షకుడు ఒకసారి క్షమిస్తాడు. రెండోసారి ఛానల్ మారుస్తాడు.

ఇంగ్లిష్ స్క్రిప్టుల్లో పేజీకి నిమిషం అనే లెక్కొకటి ఉంది. కొరియర్ ఫాంటు, 12 పాయింట్ల సైజు, ఎడమ మార్జిన్ అంగుళంన్నర పెడితేనే అది పనిచేస్తుంది. తెలుగు లిపిలో ఆ లెక్క నమ్మకండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, సీను పైకి చదివి, మౌనాలు కూడా కలిపి కొలవండి. ఒకటి గుర్తుంచుకోండి: టైపు చేసేది యూనికోడ్‌లో ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో పంపిన ఫైలు అవతల ఫోన్‌లో పిచ్చి అక్షరాలుగా తెరుచుకుంటుంది, రెండోసారి మిమ్మల్ని ఎవరూ అడగరు.

ఇప్పుడు సీను దగ్గరకొద్దాం. వన్‌లైన్‌లో ఇలా ఉందనుకోండి: "సీన్ 4. గది, పగలు. అన్నయ్య ఇల్లు తాకట్టు పెట్టాడని చెల్లెలికి తెలుస్తుంది." కొత్తవాళ్ల చేతిలో ఇది మామూలుగా ఇలా వస్తుంది:

చెల్లెలు: అన్నయ్యా, నాన్నగారు ఇరవై ఏళ్లు కష్టపడి కట్టించిన ఈ ఇంటిని మాకెవరికీ చెప్పకుండా తాకట్టు పెడతావా?
అన్న: అవును చెల్లీ, వ్యాపారంలో నష్టం వచ్చి వేరే దారి లేక ఈ పని చేశాను.

రెండు మాటల్లో సీను అయిపోయింది. ఇంకా మూడు నిమిషాలుంది. అందులో ఏడుపులు, పాత విషయాలు నింపుతారు. మన సీరియళ్లు సాగదీస్తున్నాయని జనం తిట్టేది చాలావరకు దీన్నే: సమాచారం మొదటి నిమిషంలోనే ఖర్చయిపోవడం. అదే సీను ఇంకోలా చూడండి. చెల్లెలు బీరువాలో తన సర్టిఫికెట్లు వెతుక్కుంటోంది. చేతికో పాత కవరు తగిలింది, పట్టుకుంటే తేలిగ్గా ఉంది.

చెల్లెలు: అన్నయ్యా, ఇంటి కాగితాలేవీ?
అన్న: అక్కడే ఉంటాయి. సరిగ్గా చూడు.
చెల్లెలు: కవరుంది. కాగితాల్లేవు.
అన్న: జిరాక్స్‌కిచ్చాలే.
చెల్లెలు: ఒరిజినల్ వాళ్ల దగ్గరే వదిలేశావా?
(అన్న తలెత్తడు. తల్లి లోపలికొస్తుంది.)
తల్లి: ఏం వెతుకుతున్నారర్రా?
చెల్లెలు: (కవరు వెనక్కి దాచి) నా సర్టిఫికెట్లమ్మా.

తాకట్టు అనే మాటే రాలేదు, ప్రేక్షకుడికి అర్థమైంది. అన్నిటికన్నా ముఖ్యం, సీను మొదట్లో ఏమీ తెలియని చెల్లెలు చివరికొచ్చేసరికి అబద్ధంలో భాగస్తురాలైంది. తల్లికి ఎప్పుడు తెలుస్తుందన్నది ఇక మూడు ఎపిసోడ్లకి సరిపడా తిండి. సెట్టు ఒకటే, ఆర్టిస్టులు ముగ్గురే, సీను కోసం కొత్తగా తెచ్చుకోవాల్సిన వస్తువు ఒక కవరు మాత్రమే. నిర్మాతకి ఈ ఖర్చు లెక్క పైన చెప్పినవాటన్నిటికన్నా ఎక్కువ నచ్చుతుంది.

మాటల పొడవు గురించి కూడా చెప్పాలి. సీరియల్ షూటింగుల్లో చాలాచోట్ల ఆర్టిస్టులు బట్టీపట్టరు. కెమెరా పక్కనుంచి ఒకరు ప్రాంప్టింగ్ చెబుతుంటే విని అంటారు. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి, పాతిక మాటల వాక్యం రాస్తే ఆర్టిస్టు మధ్యలో ఆగినప్పుడు అర్థం గాలిలో వేలాడుతుంది. ముఖంలో భావం కూడా అక్కడే జారిపోతుంది. ఎనిమిది, పది మాటలు దాటితే విరిచేయండి. తెలుగు చదవడం రాని ఆర్టిస్టుంటే ఆ డైలాగుల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసివ్వాల్సి వస్తుంది. అది అసిస్టెంట్ పనే, చిన్నతనంగా అనుకోకండి.

షూటింగ్ కథ వరసలో జరగదు. ఒక సెట్టులోని సీన్లన్నీ, ఒక ఆర్టిస్టు కాల్‌షీట్ ఉన్న రోజుల్లో ఆ ఆర్టిస్టు ఇతరులతో కలిసి కనిపించే సీన్లన్నీ కలిపి తీసేస్తారు. అందుకే రాయడానికి ముందు అడగాల్సిన ప్రశ్నలు: ఈ వారం ఎవరి డేట్లున్నాయి, ఏ సెట్లు నిలబడి ఉన్నాయి, బ్యాంక్‌లో ఎన్ని ఎపిసోడ్లున్నాయి. బ్యాంక్ అంటే తీసి, ఎడిట్ చేసి, ప్రసారానికి సిద్ధంగా పెట్టినవి. అది రెండు మూడుకి పడిపోయినప్పుడు రాత్రి పదకొండుకి ఫోనొస్తుంది, పొద్దున ఏడుకి పేజీలు సెట్టులో ఉండాలి. కంటిన్యుటీ తప్పులు దొర్లేది ఇలాంటి రాత్రుల్లోనే. ఏ పాత్రకి ఏ రహస్యం ఏ ఎపిసోడ్‌లో తెలిసిందో ఒక పట్టిక రాసి పెట్టుకోండి. నా లెక్కలో కొత్త అసిస్టెంట్ విలువ పెంచేది చక్కటి డైలాగుకన్నా ఈ పట్టికే. "ఈ విషయం అత్తగారికి 41లోనే తెలిసింది కదండీ" అని ఒక్కసారి సరైన టైములో చెబితే మీ కుర్చీ గట్టిపడుతుంది.

సాధన ఇలా చేయండి. నడుస్తున్న ఒక సీరియల్ ఎంచుకోండి, మీకు నచ్చనిదైతే మరీ మంచిది. వరసగా పది ఎపిసోడ్లు చూస్తూ ప్రతి సీనుకీ రాసుకోండి: ఎక్కడ, ఎవరు, ఎన్ని నిమిషాలు, సీను మొదటికీ చివరికీ ఏం మారింది. ఏమీ మారని సీన్లు కొన్ని కనిపిస్తాయి. వాటి పక్కన అవి ఎందుకు పెట్టుంటారో రాయండి, తరచుగా కారణం కాల్‌షీటే. తర్వాత మీరే ఐదు ఎపిసోడ్లకి వన్‌లైన్ ఆర్డర్, అందులో ఒక ఎపిసోడ్‌కి పూర్తి డైలాగ్ వెర్షన్ రాయండి. పాత్రల పేర్లు చేత్తో మూసి, డైలాగులు మాత్రం మరొకరికి చదివి వినిపించండి. ఎవరు మాట్లాడుతున్నారో వాళ్లు చెప్పలేకపోతే మళ్లీ రాయాలి. మీ సొంత కథ ఉంది కదా, దాని మొదటి ఎపిసోడ్ కూడా రాసుకోండి, కానీ అడిగితేనే చూపించండి.

కోర్సు మాటకొస్తే, అది గడువులు పెడుతుంది, మీ రాత చదివి తప్పులు చెప్పేవాళ్లనిస్తుంది. ఆ రెండూ వేరే చోట దొరికితే డబ్బు మిగుల్చుకోండి. సర్టిఫికెట్ ఎవరూ అడగరు.

ఎవరికి పంపాలంటే, టైటిల్స్‌లో మాటల రచయిత, స్క్రీన్‌ప్లే రచయిత పేర్లుంటాయి. నిర్మాణ సంస్థ కథావిభాగాన్నీ అడగొచ్చు. ఐదు వాక్యాల మెయిల్, రెండు మూడు పేజీల ఒక్క సీను చాలు. అసిస్టెంట్ డైరెక్టర్లతో పరిచయం ఉంటే ఇంకా మంచిది, రచయితకి చేతులు చాలడం లేదని ముందు తెలిసేది వాళ్లకే.

మీరు రాసింది దర్శకుడో ఛానల్‌వాళ్లో దిద్దమన్నప్పుడు, వాళ్లు చెప్పిన మార్పుకన్నా దాని వెనక బాధ పట్టుకోండి. "ఇక్కడ ఒక చెంపదెబ్బ పెట్టండి" అన్నారంటే చాలాసార్లు అర్థం ఆ సీనులో ఎవరూ ఏమీ కోల్పోవడం లేదని. వాదించే ముందు ఓ వెర్షన్ వాళ్లు చెప్పినట్టే రాసి, ఇంకోటి మీరనుకున్నట్టు రాసి, రెండూ పంపండి.

డబ్బు సంగతి మొదట్లోనే మాట్లాడుకోవాలి. ట్రయల్‌గా ఒక సీను ఊరికే రాసివ్వడం మామూలే. ఉచితంగా పూర్తి ఎపిసోడ్లు అడిగితే అది ట్రయల్ కాదు, పని. చెల్లింపు ఎపిసోడ్‌కా, నెలకా? ప్రసారమయ్యాక ఇస్తారా, పేజీలు అందగానే ఇస్తారా? ఎన్నిసార్లు తిరగరాయాలి? రాశాక ఎపిసోడ్ తీయకపోతే? టైటిల్స్‌లో పేరు పడుతుందా? నోటిమాటగా ఒప్పుకున్నా, అదే రోజు "మనం అనుకున్నవి ఇవీ" అని ఒక మెయిల్ పెట్టేయండి. పేజీలు కూడా వాట్సాప్‌లో కాకుండా మెయిల్‌లోనే పంపండి, తేదీ సాక్ష్యంగా ఉంటుంది. ఏఐ సంగతి కూడా అడగాల్సిందే. 2023లో అమెరికా రచయితల సంఘం మే 2 నుంచి సెప్టెంబరు 27 వరకు 148 రోజులు సమ్మె చేస్తే, తేలిన ఒప్పందంలో యంత్రం రాసినదాన్ని రచయిత రచనగా లెక్కించకూడదన్న నిబంధన చేరింది. మీ ఒప్పందంలో అలాంటి వాక్యం లేకపోతే, యంత్రం రాసిన ఎపిసోడ్‌ని "కాస్త దిద్దండి" అని చేతికిచ్చి దిద్దుబాటు కూలీ లెక్కన చెల్లించే వీలుంది. ఒప్పుకునే ముందు అది రాతగా లెక్కేస్తారా, దిద్దుబాటుగా లెక్కేస్తారా అని అడిగి, జవాబు మెయిల్‌లోనే తీసుకోండి.