33 ఏళ్ల వయసులో ఆస్ట్రేలియా వెళ్లి ఐటీ చదవనా?

ప్రశ్న: మాది గుంటూరు. బీకాం, ఎంబీఏ చేసి తొమ్మిదేళ్లుగా ఒక ఫైనాన్స్ కంపెనీలో గోల్డ్ లోన్ల విభాగంలో పనిచేస్తున్నాను. జీతం 38 వేలు. టార్గెట్ల ఒత్తిడి తట్టుకోలేక ఐటీలోకి మారాలనుకుంటున్నాను. నాకు 33 ఏళ్లు, వచ్చే మార్చిలో 34 నిండుతాయి. ఐటీ నేపథ్యం లేకపోయినా ఆస్ట్రేలియాలో ‘మాస్టర్ ఆఫ్ ఐటీ’ సీటు వస్తుందని, వచ్చే జులైలో చేరితే చదువయ్యాక అక్కడే ఉద్యోగం చూసుకోవచ్చని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నాన్న ఇల్లు తాకట్టు పెడతానంటున్నారు. నా భార్య మాత్రం ససేమిరా అంటోంది. ఆమె బీఎస్సీ నర్సింగ్ చేసి ఏడేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తోంది. ‘నీ చదువు కోసం నా ఉద్యోగం నేనెందుకు మానాలి’ అని నిలదీస్తోంది. ఐదేళ్ల పాప ఉంది. రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: గొడవ సంగతి తర్వాత. ముందు మీ పుట్టినరోజును క్యాలెండర్లో పెట్టి చూద్దాం. మీ కన్సల్టెన్సీ ఆ పని చేసినట్టు లేదు.

చదువయ్యాక అక్కడ ఉండి ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చేది సబ్‌క్లాస్ 485 వీసా. 2024 జులై 1 నుంచి దీనికి వయోపరిమితి 35 ఏళ్లు. అంతకుముందు 50 ఉండేది. ఇప్పుడు 50 ఏళ్ల వెసులుబాటు ప్రధానంగా రీసెర్చ్ మాస్టర్స్, పీహెచ్‌డీ వాళ్లకే. మీరు చేయబోయేది కోర్స్‌వర్క్ (పరిశోధన కాకుండా తరగతులు, పరీక్షలతో నడిచే) మాస్టర్స్, అంటే దరఖాస్తు పెట్టే రోజుకు మీకు 36 నిండకూడదు. వచ్చే జులైలో చేరితే రెండేళ్ల కోర్సు ముగిసేది ఆపై రెండో ఏడాది జూన్‌లో. ఆ మార్చికే మీకు 36 వచ్చేస్తాయి. మూడు నెలల తేడాతో ఆ వీసా చేజారుతుంది. ఫిబ్రవరిలో చేరగలిగితే ఆ మరుసటి ఏడాది నవంబరుకు కోర్సు పూర్తవుతుంది, అప్పటికి మీకు 35 ఏళ్ల ఎనిమిది నెలలు. కాగితం మీద సరిపోతుంది. కానీ నాలుగు సెమిస్టర్లలో ఒక్క సబ్జెక్టు పోయినా మళ్లీ కట్టి చదవాలి, కోర్సు జూన్‌కు జరుగుతుంది, వయసు దాటుతుంది.

‘ఏడాదిన్నర కోర్సు ఉంది, అందులో చేరండి’ అని కూడా అనొచ్చు. అదీ పనికిరాదు. 485కి కనీసం రెండు విద్యా సంవత్సరాల చదువు, అంటే కోర్సు అధికారికంగా నమోదైన నిడివి 92 వారాలు ఉండాలి. పాత డిగ్రీ చూపించి సబ్జెక్టుల మినహాయింపు తీసుకున్నా వారాలు తగ్గి ఇదే చిక్కు వస్తుంది. భారతీయులకు కోర్స్‌వర్క్ మాస్టర్స్ తర్వాత మూడేళ్ల వరకు ఈ వీసా ఇచ్చే వెసులుబాటు ఉన్నమాట నిజమే, అదీ వయసు గడప దాటని వాళ్లకే. 485 లేకపోతే ప్రధానంగా మిగిలేది కంపెనీ స్పాన్సర్‌షిప్, అంటే ఉద్యోగమిచ్చే సంస్థే మీ వీసాకు పూచీ పడటం. దానికి ఆ రంగంలో కనీసం ఏడాది అనుభవం కావాలి. గోల్డ్ లోన్ అనుభవాన్ని ఐటీ అనుభవంగా లెక్కేయరు.

ఇక డబ్బు. ఆస్ట్రేలియా డాలరుకు 60 రూపాయలు వేసుకుందాం, రేటు అటూఇటూ అవుతుంటుంది. ఏడాది జీవన ఖర్చుల కింద మీకు 29,710, భార్యకు 10,394, పాపకు 4,449, పాప బడికి 13,502 డాలర్లు చూపించమంటారు. మొత్తం 58,055, అంటే దాదాపు 35 లక్షలు. మాస్టర్ ఆఫ్ ఐటీ ఫీజు యూనివర్సిటీని బట్టి మారుతుంది, ఏడాదికి 40 వేల డాలర్లు అనుకుంటే మరో 24 లక్షలు. విమాన ఖర్చులు, ఆరోగ్య బీమా కాకుండానే దాదాపు 59 లక్షలయింది. మీరొక్కరే వెళ్తే దాదాపు 42 లక్షలు. రెండో ఏడాది ఫీజు మళ్లీ ఉండనే ఉంది. వీసా రుసుము 2,000 డాలర్లు, తిరస్కరించినా వెనక్కి రాదు.

మీ నాన్నగారి ఇల్లు పెట్టి 50 లక్షలు తీసుకుంటే, పదిన్నర శాతం వడ్డీతో పదేళ్లకు ఈఎంఐ నెలకు 67 వేల పైచిలుకు. చదువు కాలానికి, ఆపై ఏడాదికి కంతులు కట్టనక్కర్లేదంటారు. నిజమే, కానీ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. నాన్నగారితో ‘యాభై లక్షల లోన్’ అని చెప్పకండి. ఈ ఈఎంఐ అంకె చెప్పండి, మీరు ఉత్తచేతులతో తిరిగొస్తే దాన్ని ఎవరు కడతారో కూడా కూర్చుని మాట్లాడుకోండి. ఆయన ఇష్టంగానే ఇస్తున్నారు కదా అని ఈ మాట దాటవేస్తే, రేపు అన్నదమ్ముల మధ్య పంచాయితీగా తేలేది ఇదే.

పార్ట్‌టైమ్ చేసి తీర్చేస్తాననుకుంటారేమో. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు రెండు వారాలకు 48 గంటలే పని చేయనిస్తారు. 2025 జులై నుంచి కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు, క్యాజువల్ (స్థిరమైన పని గంటలు, జీతంతో సెలవులు లేని) వాళ్లకు దానిపై 25 శాతం అదనం. అంటే వారానికి 750 డాలర్లు రావడమే గొప్ప, అదీ పన్ను పోకముందు. అద్దె, కూరగాయలు, బస్సు ఖర్చు గడుస్తాయి. ఫీజుకు చాలదు. చేతికి నగదు ఇచ్చి గంటకు 15 డాలర్లే విదిల్చే చోట్ల చేరకండి, తర్వాత ఏ హక్కూ అడగలేరు.

బ్యాంకు బ్యాలెన్స్ ‘మేం చూపిస్తాం’ అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. తప్పుడు పత్రం పట్టుబడితే మూడేళ్లపాటు ఆస్ట్రేలియా వీసా మర్చిపోవాల్సిందే. ఒంటరిగా వెళ్లినా సరే, దరఖాస్తులో భార్య, పాప పేర్లు తప్పనిసరిగా రాయాలి. ‘ఇప్పుడు వద్దులే, తర్వాత చేరుద్దాం’ అని వదిలేస్తే వాళ్లను తీసుకెళ్లే దారి మూసుకుపోతుంది.

మీ ఉత్తరం రెండోసారి చదివితే తెలిసింది: ఐటీ నేర్చుకోవడం, దేశం దాటడం అనే రెండు నిర్ణయాలను మీరు ఒకే మూటలో కట్టారు. విప్పండి. మొదటిది ఇక్కడే, ఉద్యోగం మానకుండా పరీక్షించుకోవచ్చు. వారానికి పది గంటల చొప్పున నాలుగు నెలలు పెట్టుకోండి. ముందు ఎస్‌క్యూఎల్ (డేటా పట్టికల నుంచి సమాచారం రాబట్టే భాష), తర్వాత పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితం, పరీక్షకు మాత్రమే ఫీజు. హార్వర్డ్ వాళ్ల కంప్యూటర్ సైన్స్ తొలి కోర్సు సీఎస్50 కూడా ఉచితమే.

మీకు తెలిసిన పనినే సాధన చేయండి. 500 కల్పిత లోన్ ఖాతాల పట్టిక తయారుచేసుకోండి. ఖాతా నంబరు, బ్రాంచి, బంగారం తూకం, ఇచ్చిన మొత్తం, గడువు తేదీ, చివరిగా వడ్డీ కట్టిన తేదీ ఉంటే చాలు. (బ్రాంచి నుంచి కస్టమర్ల అసలు డేటా పొరపాటున కూడా ఇంటికి తేవద్దు, ఉద్యోగం పోతుంది.) బకాయిలను 30, 60, 90 రోజులుగా విడగొట్టి, 90 దాటి ఎన్‌పీఏ (మొండి బకాయి) అయిన ఖాతాల్లో ఏ తూకం, ఏ బ్రాంచివి ఎక్కువో ఎస్‌క్యూఎల్‌లో ప్రశ్న (క్వెరీ) రాసి రాబట్టండి. మూడో నెలకల్లా ఇది ఎవరినీ అడక్కుండా రాయగలుగుతూ, తప్పు ఎక్కడుందో వెతుక్కోవడం విసుగనిపించకపోతే మీకు ఈ పని నప్పుతుంది. విసుగొస్తే ఆ విసుగే అక్కడ సబ్జెక్టుకు మూడు లక్షల ఖరీదు చేస్తుంది. ఐటీయేతర నేపథ్యం వాళ్లు మొదటి సెమిస్టర్ ప్రోగ్రామింగ్‌లోనే ఎక్కువగా దెబ్బతింటారు. సాయంత్రం షిఫ్టు, అర్ధరాత్రి అసైన్‌మెంట్, గడువు రోజున చాట్‌జీపీటీ రాసిన కోడ్ అతికించడం, విచారణ కమిటీ, సున్నా మార్కులు. వరుస ఇలాగే ఉంటుంది.

నప్పితే మీ తొమ్మిదేళ్లను పారేయకండి. సైబర్ సెక్యూరిటీకి గిరాకీ ఉందని ఎగబడేకంటే, బ్యాంకులు, ఫిన్‌టెక్ సంస్థల్లో లోన్ డేటా, రిస్క్ రిపోర్టులు, బిజినెస్ అనలిస్టు పనుల వైపు చూడండి. హైదరాబాదులోనే ఇవి దొరుకుతాయి. 33 ఏళ్ల ఫ్రెషర్‌కు కాకపోయినా, లోన్ పుస్తకం లోపలి సంగతులు తెలిసి ఎస్‌క్యూఎల్ రాయగలిగిన వ్యక్తికి అక్కడ విలువ ఉంది. మొదట జీతం పెద్దగా పెరగకపోవచ్చు, అందుకు సిద్ధపడండి.

ఇప్పుడు మీ శ్రీమతి. ఆమె అడిగింది అహంకారం కాదండీ, ఇంట్లో ఎవరూ వేయని లెక్క. విదేశమే మీ ఇద్దరి కోరిక అయితే, ఆస్ట్రేలియా వెతుక్కుంటున్న వృత్తి ఆమె చేతిలోనే ఉంది. ఏడేళ్ల అనుభవంతో ఆమె ఆప్రా అనే ఆరోగ్య వృత్తుల నమోదు సంస్థ వెబ్‌సైట్‌లో సెల్ఫ్ చెక్‌తో మొదలుపెట్టొచ్చు. సాధారణంగా మన బీఎస్సీ నర్సింగ్ వాళ్లకు ఎన్‌క్లెక్స్ అనే కంప్యూటర్ పరీక్ష, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో ఓఎస్‌సీఈ అనే ప్రాక్టికల్ పరీక్ష ఉంటాయి. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అయితే మొత్తం 7, రైటింగ్‌లో 6.5, మిగతా వాటిలో 7 రావాలి. తేలిక కాదు, ఏడాది పైనే పడుతుంది. అయినా ఇల్లు తాకట్టు పెట్టేంత ఖర్చు కాదు, ఆమె ఉద్యోగం చేసుకుంటూనే ఇదంతా సాగుతుంది. రిజిస్ట్రేషన్ వచ్చి నైపుణ్య వీసా దొరికితే మీరు, పాప కుటుంబ సభ్యులుగా వెళ్తారు, మీరక్కడ ఉద్యోగం చేసుకోవచ్చు.

అయితే ఈ జవాబు చూపించి ‘నువ్వు నర్సింగ్ పరీక్ష రాయి’ అని ఆమె మీద పడకండి. మీ టార్గెట్ల బాధ నుంచి బయటపడే భారం ఆమె నెత్తిన పెట్టినట్టవుతుంది. ముందు ఆమెకు వెళ్లాలని ఉందా, అత్తమామలను, పుట్టింటిని వదిలి ఉండగలదా అని అడగండి. వద్దంటే ఆ దారి అంతటితో మూసేయండి, మీ ఎస్‌క్యూఎల్ సాధన మాత్రం ఆపకండి. ఔనంటే, పాపను చదివించడం, రాత్రి వంట మీరు చేపట్టండి. ఐఈఎల్‌టీఎస్‌కు, ఎన్‌క్లెక్స్‌కు ఆమెకు రోజుకు రెండు గంటలు కావాలి. షిఫ్టు దిగి వచ్చిన మనిషికి అవి వాటంతట అవి దొరకవు.

కన్సల్టెన్సీకి ఇప్పటివరకు రూపాయి కట్టకపోతే అక్కడితో ఆపండి. యూనివర్సిటీ ఆఫర్ వచ్చి డిపాజిట్ కట్టి ఉంటే, ఆఫర్ లెటర్‌లోనే రీఫండ్ షరతులు ఉంటాయి, తేదీలతో సహా. ఫోన్లో అడగొద్దు. విరమించుకుంటున్నట్టు యూనివర్సిటీకి నేరుగా ఈమెయిల్ రాసి, కన్సల్టెన్సీకి కాపీ పెట్టండి.