మూడు వందల ముక్కలు కోసి బుద్ధి తెచ్చుకున్నదాన్ని చెబుతున్నా

పాత కాటన్ చీరలు, జాకెట్టు గుడ్డలు చాలా పోగయ్యాయి, ఒక మనిషికి సరిపడా గళ్ల బొంత కుట్టాలనుంది, ముక్కలన్నీ ఒక్కొక్కటిగా కోసి అతకాలంటే భయమేస్తోంది, తొందరగా అయ్యే దారి ఉందా అని అడిగారు.

ఉంది. ముక్కలు అసలు కోయకండి. పొడుగు పట్టీలు చింపండి, పట్టీకి పట్టీ కుట్టండి, అప్పుడు అడ్డంగా కోయండి. గళ్లు వాటంతటవే వస్తాయి. ఇది ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానో కూడా చెప్పాలి కదా.

మాది ఖమ్మం. ఇంట్లోనే మిషను పెట్టుకుని ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఆ పొగరుతోనే మొదటి బొంతకి దిగాను. మా పెద్దది హనుమకొండలో హాస్టల్లో ఉండేది. చలికాలానికి రగ్గు కొనిస్తే గుచ్చుకుంటోందని గొడవ, "అమ్మా, నువ్వే మెత్తటి బొంత కుట్టివ్వు" అని. శ్రావణమాసం జాకెట్ల హడావిడి అయిపోయింది, భాద్రపదంలో మాకు ఎలాగూ పని ఉండదు. సరే అన్నాను.

పెళ్లి శుభలేఖ ఒకటి మందంగా ఉంటే దాన్ని నాలుగంగుళాల చదరంగా కోసి అచ్చు చేసుకున్నాను. అడ్డం పదిహేను, నిలువు ఇరవై, మొత్తం 300 ముక్కలు. అడ్డం 60 అంగుళాలు, నిలువు 80. లెక్క ఎంత ముద్దుగా కుదిరిందోనని మురిసిపోయాను. అడుక్కి వేసే చీరను కూడా అదే కొలతకి ముందే కోసి పెట్టుకున్నాను, అక్కడికి నేనేదో పెద్ద ప్లానింగు మనిషినైనట్టు.

అచ్చు పెట్టడం, సుద్దతో గీయడం, కోయడం. తొమ్మిది రోజులు. బొటనవేలి మొదట్లో కత్తెర పిడి ఒరుసుకుని బొబ్బ లేచింది. కోసినవన్నీ రంగుల వారీగా జంతికల డబ్బాలో వేసుకుంటూ వచ్చాను. ఒక పక్క ఆ శుభలేఖ అట్ట కత్తెర తగిలినప్పుడల్లా అంచు కొంచెం కొంచెం కొరుక్కుపోతోంది. నేను చూసుకోలేదు. చివరి రోజు కోసిన ముక్కను మొదటి రోజు ముక్క మీద పెట్టి చూస్తే, పక్కన సన్నటి గీతంత తేడా కనిపించింది. గీతంతే కదా అని వదిలేశాను. పదిహేను గీతలు కలిస్తే ఎంతవుతుందో వరుసలు కుట్టాక తెలిసింది. ఒక వరుస కంటే ఇంకో వరుస వేలెడంత పొడుగు. పొట్టిదాన్ని లాగి, పొడుగుదాన్ని ముడతలు పెట్టి ఎలాగో కలిపాను. నాలుగు మూలలు కలవాల్సిన ఒక్క చోట కూడా కలవలేదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. అంతా అయ్యాక అడుగు చీర మీద పరిస్తే వెడల్పులో ఏడున్నర అంగుళాలు, పొడవులో పది అంగుళాలు తక్కువ వచ్చింది. మా అత్తమ్మ గడప దగ్గర కూర్చుని తమలపాకుకి సున్నం రాసుకుంటూ చూసి, "కుట్టులోకి పోయే గుడ్డ ఎవరి లెక్కలో రాసినవే?" అంది. నోట మాట రాలేదు. జాకెట్టు కోసేటప్పుడు కుట్టుకి వదలకుండా ఒక్కసారైనా కోశానా? లేదు. అటు పావంగుళం, ఇటు పావంగుళం కుట్టులోకి పోతే నాలుగంగుళాల ముక్క మూడున్నరే అవుతుందని చిన్నపిల్లకైనా తెలుసు. నాకూ తెలుసు. 300 ముక్కలు కోసే ధ్యాసలో తెలివి పక్కకి పోయింది, అంతే.

ఏం చేస్తాం, ఒక నీలం చీర చింపి చుట్టూ వెడల్పాటి అంచు కట్టాను. బతుకమ్మకి వచ్చిన చుట్టాలందరూ ఆ అంచునే మెచ్చుకున్నారు. డిజైను ఎక్కడ చూశావని అడిగితే యూట్యూబులో అని చెప్పాను.

రెండో బొంత పట్టీలతో చేశాను. లెక్క చెబుతా, మీరే చూసుకోండి. కుట్టాక నాలుగంగుళాల గడి రావాలంటే పట్టీ నాలుగున్నర ఉండాలి. టూ బై టూ జాకెట్టు గుడ్డ పన్నా, అంటే వెడల్పు, 36 అంగుళాలు అనుకోండి. ఐదు రంగుల పట్టీలు ఐదు తీసుకుని పొడుగ్గా ఒకదాని పక్కన ఒకటి కుట్టండి, అంటే నాలుగు కుట్లు. ఇస్త్రీ చేసి, ఇప్పుడు అడ్డంగా నాలుగున్నర చొప్పున కోయండి. ఒక్కోదాంట్లో ఐదు గళ్లున్న ముక్కలు ఎనిమిది వస్తాయి. నాలుగు కుట్లకి 40 గళ్లన్నమాట. ఇలాంటి ఐదేసి పట్టీల సెట్లు ఎనిమిది కుడితే 320, మీకు కావలసినవి 300. మొదటి బొంతలో వరుసలు తయారు కావడానికే 280 కుట్లు పడ్డాయి నాకు. ఈ పద్ధతిలో పొడుగు కుట్లు 32, ఐదేసి గళ్ల ముక్కల్ని మూడేసి చొప్పున కలపడానికి 40, మొత్తం 72. వరుసకి వరుస కలిపే 19 కుట్లు ఎలా చేసినా తప్పవు. ఆ చిన్న కుట్లు కూడా ఒక్కోదానికీ దారం తెంపకండి. ఒక జత సూది కిందనుంచి బయటికి రాగానే వెనకే ఇంకో జత తోసేయండి, తోరణంలా బయటికి వస్తాయి, చివర్లో అన్నీ ఒకేసారి కత్తిరించుకోవచ్చు.

ఇస్త్రీలో ఒక కిటుకుంది. ఒక వరుసలో కుట్టు మడతలన్నీ కుడివైపుకి, తర్వాతి వరుసలో ఎడమవైపుకి పడేలా ఇస్త్రీ చేయండి. రెండు వరుసలు కలిపేటప్పుడు ఆ మడతలు ఒకదానికొకటి ఆనుకుని కదలకుండా కూర్చుంటాయి. గుండుసూది కూడా అక్కర్లేదు.

ఇక చింపడం గురించి. పట్టీలకి కత్తెర వాడొద్దంటాను నేను. పాతకాలంలో బట్టల కొట్లో గుమాస్తా ఏం చేసేవాడు? అంచున చిన్న గాటు పెట్టి చర్రున చింపేవాడు. కాటన్ గుడ్డ పేక వెంబడే చిరుగుతుంది కాబట్టి ఏ స్కేలూ ఇవ్వలేనంత తిన్నగా వస్తుంది. అంచున రెండు మూడు పోగులు ఊడతాయి, కొంచెం వంకర తిరుగుతుంది, అందుకని నాలుగున్నర కావాలంటే పావు తక్కువ ఐదు చింపి, ఇస్త్రీ చేసి అంచు సరిచేసుకోండి. బాగా వాడిన చీర మాత్రం ఎటు పడితే అటు చిరుగుతుంది. దాన్ని పట్టీలకి తీసుకోకండి, అడుక్కి వేసుకోండి.

మా తోడికోడలి కూతురు డల్లాస్‌లో ఉంటుంది. అక్కడ క్విల్టింగ్ క్లాసుకి వెళ్తుందట. పోయినసారి వచ్చినప్పుడు గుండ్రటి బ్లేడు తిరిగే కట్టరు ఒకటి తెచ్చి ఇచ్చింది. జపాన్ వాళ్ల ఓల్ఫా కంపెనీ 1979లో తెచ్చిందట ఆ పరికరం. బాగుంది, కాదనను, నాలుగు మడతలు ఒక్క గీతలో కోస్తుంది. కానీ కింద దాని చాప ఉండాలి, దాని స్కేలు ఉండాలి, బ్లేడు మొద్దుబారితే కొత్తది కొనాలి. ఇంతా చేసి వాళ్లు కొత్త గుడ్డ కొనుక్కొచ్చి మరీ ముక్కలు చేస్తారట! పాతది పారేయలేక కదమ్మా బొంత పుట్టింది అంటే నవ్వింది. పట్టీలు కుట్టి అడ్డంగా కోసే ఈ విద్య మాత్రం అమెరికాలో ఫ్లోరిడా వైపు సెమినోల్ తెగ ఆడవాళ్లు వందేళ్ల కిందటే మిషను మీద చేసేవాళ్లని ఆ పిల్లే చెప్పింది.

మీరు అడిగిన జాకెట్టు ముక్కల సంగతి వేరే. చంక దగ్గర, మెడ దగ్గర మిగిలేవి నెలవంకల్లా ఉంటాయి, పట్టీలు రావు. పైగా క్రాసు గుడ్డ, అంటే పోగులకి ఏటవాలుగా కోసింది, పట్టుకుంటే సాగుతుంది. దాన్ని చదరంగా కోసి కుడితే బొంత అలలు అలలుగా వస్తుంది. వీటికి మా అత్తమ్మ పద్ధతే సరి. పాత చీర గుడ్డ జానెడు చదరం తీసుకుని దాని మీద ఒక ముక్క పరవండి. రెండో ముక్కను దాని మీద బోర్లా వేసి అంచున కుట్టి తిరగేయండి, గోటితో గీరి మడత అణచండి, మళ్లీ ఇంకో ముక్క. అడుగు గుడ్డ కనపడకుండా నిండాక చుట్టూ సరిగ్గా కోసేయండి. ఏ ఆకారం ముక్కయినా పనికొస్తుంది, అడుగు గుడ్డ పట్టి ఉంచుతుంది కాబట్టి సాగదు. గంతకు తగ్గ బొంత అంటారే, అలా గుడ్డకి తగ్గ పద్ధతి. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్ది తెగ ఆడవాళ్లయితే కొలతలే లేకుండా, పెద్ద చీర మీద అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ చేత్తోనే మధ్యకి కుట్టుకొస్తారు. వాళ్ల కవందీ బొంతలు చూస్తే నా స్కేలూ టేపూ చూసి నాకే సిగ్గేసింది.

అన్నట్టు ఈ మధ్య ముక్కలు కూడా సరిగ్గా మిగలడం లేదు. మోచేతి దాకా చేతులు, బోటు నెక్కు, వెనక డిజైను, ఇచ్చిన మీటరు గుడ్డా దానికే చాలదు. అయినా "మిగిలిన గుడ్డేది?" అని మమ్మల్నే దొంగల్లా చూస్తారు. ఇచ్చే గుడ్డలో సగం పాలిస్టరు. అది మాత్రం బొంతలోకి రానివ్వకండి. కాటన్ పక్కన పాలిస్టరు కుడితే ఉతికిన కొద్దీ కాటన్ ముడుచుకుంటుంది, అది ముడుచుకోదు, గడి ఉబ్బుతుంది. పైగా చెమట పీల్చదు. జరీ ముక్క ఒంటికి గుచ్చుకుంటుంది. అనుమానం ఉంటే ఒక పోగు లాగి వెలిగించి చూడండి. కాటనైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టరు ముద్ద కడుతుంది. ఎర్ర గుడ్డలు ముందే ఒకసారి తడిపి ఆరేయండి, రంగు పోయేదైతే అక్కడే తెలుస్తుంది.

మిషను మీద కుట్టేటట్టయితే సూదికి పావంగుళం దూరంలో ప్లేటు మీద ప్లాస్టరు ముక్క రెండు పొరలుగా అంటించుకోండి, గుడ్డ అంచు దానికి ఆనించి తోయాలి. జాకెట్టుకి లోపల అంగుళం వదిలే అలవాటున్న చెయ్యి ఊరికే పావంగుళం దగ్గర ఆగదు. పైన, మధ్యన, అడుగున పొరలన్నీ కలిపి కుట్టేటప్పుడు పదహారు నంబరు సూది మార్చుకోండి. పట్టీలన్నీ ఒకేసారి చింపేయకండి. ముందు ఐదు పట్టీలు కుట్టి కొలవండి, వెడల్పు ఇరవైన్నర రావాలి. రాకపోతే మిషన్ని తిట్టకుండా ఆ ప్లాస్టరు ముక్క ఎటు జరిగిందో చూడండి.