స్థలం అమ్మి సర్వేయింగ్ చదివించాలా?

ప్రశ్న: మాది కడప. మా ఆయన పదిహేడేళ్లుగా కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నారు. ఇంకో రెండేళ్లలో పూర్తిగా వచ్చేస్తానంటున్నారు. నేను ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. అబ్బాయి ఈ ఏడాది బీటెక్ సివిల్ పూర్తిచేశాడు. బ్రిటన్‌లో క్వాంటిటీ సర్వేయింగ్ ఎంఎస్సీ చేస్తానని పట్టుబడుతున్నాడు. అన్నీ కలిపి 28 లక్షలవుతుందని కన్సల్టెన్సీ వారు చెప్పారు. మాకు బ్యాంకులో 11 లక్షల డిపాజిట్లు, ఊరి బయట 24 లక్షలు పలికే ఆరు సెంట్ల స్థలం ఉన్నాయి. అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరంలో ఉంది. భూములు కొలిచే పనికి అంత ఖర్చు ఎందుకని మా ఆయన అడుగుతున్నారు. స్థలం అమ్మాలా, అప్పు చేయాలా? అసలు ఇది మంచి చదువేనా?

జవాబు: అమ్మా, ముందుగా మీ ఆయన సందేహానికి సమాధానం చెబుతాను. సర్వేయర్ అనగానే మనవాళ్లకు సచివాలయంలో ఉండే గ్రామ సర్వేయరు, ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) పట్టుకుని గట్ల మీద తిరిగే మనిషి గుర్తుకు రావడం సహజమే. మీ అబ్బాయి చదవాలనుకుంటున్నది అది కాదు. క్వాంటిటీ సర్వేయరు కట్టడం ఖర్చును లెక్కగట్టే మనిషి. డ్రాయింగులు చూసి ఏ పని ఎంత పరిమాణంలో ఉంటుందో కొలిచి పట్టిక వేయడం, రేట్లు విశ్లేషించడం, టెండర్లను పోల్చడం, పని నడుస్తుండగా జరిగినంత పనికి వేసే రన్నింగ్ బిల్లులు సరిచూడడం, అదనపు పనులపై తగాదా వస్తే కాంట్రాక్టు పత్రం ఆధారంగా తేల్చడం అతని బాధ్యతలు.

ఈ పని విలువ నాకు సొంత ఇంటి దగ్గరే తెలిసింది. కర్నూలులో మేము ఇల్లు కట్టించుకున్నప్పుడు ప్లాస్టరింగ్ బిల్లులో తలుపులు, కిటికీల ఖాళీలను అసలు తీసివేయకుండా గోడంతా లెక్కవేశారు. తీసేయాలని నేను, అలవాటు లేదని కాంట్రాక్టరు చాలాసేపు వాదించుకున్నాము. చివరకు ఒక ఇంజనీరు మిత్రుడు వచ్చి, కొలతల పద్ధతికి ఐఎస్ 1200 అనే భారతీయ ప్రమాణం ఉందని, అర చదరపు మీటరు లోపు ఖాళీని తీసివేయనక్కర లేదని, అర నుంచి మూడు చదరపు మీటర్ల వరకు ఉన్నదానికి ఒకవైపు మాత్రమే తీసివేయాలని, అంతకు మించితే రెండువైపులా తీసివేసి అంచుల ప్లాస్టరింగ్‌ను కలపాలని వివరించాడు. అరగంటలో లెక్క తేలింది, ఇద్దరం ఒప్పుకున్నాము. ఒక ఇంటి విషయంలోనే ఇంత తేడా వస్తే, వందల కోట్ల వంతెనకో ఆసుపత్రి భవనానికో ఎంత తేడా వస్తుందో మీ ఆయనకు చెప్పండి. ఇది గౌరవప్రదమైన, జీవితాంతం పనికొచ్చే విద్య. ఆ విషయంలో మీ అబ్బాయి ఆలోచన సరైనదే.

అయితే ఈ వృత్తికి ఒక ప్రత్యేకత ఉంది. దీనిలో ప్రపంచమంతటా చెల్లే అర్హత ఆర్ఐసీఎస్ (రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్) అనే సంస్థ సభ్యత్వం. 1868లో లండన్‌లో మొదలై, 1881లో రాయల్ చార్టర్ పొందిన ఈ సంస్థ చార్టర్డ్ సర్వేయర్ హోదాను ఎంఎస్సీ పట్టా చూసి ఇవ్వదు. పట్టా తర్వాత నిర్ణీత కాలం పనిలో అనుభవం సంపాదించి, ఆ అనుభవాన్ని రికార్డు చేసి, తాను స్వయంగా పనిచేసిన ఒక ప్రాజెక్టుపై మూడు వేల పదాల నివేదిక రాసి, నిపుణుల ముందు గంటసేపు జరిగే ముఖాముఖిలో నెగ్గాలి. అందువల్ల చదువు, అనుభవం రెండూ కావాలి. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుసను బట్టే మీ కుటుంబం మీద పడే భారం మారుతుంది. సైటులో ఒక్క రోజు పనిచేయని కుర్రవాడు నేరుగా 28 లక్షల ఖర్చుతో వెళ్లడం నాకు సమ్మతం కాదు. రెండేళ్లు ఒక నిర్మాణ సంస్థ బిల్లింగ్ విభాగంలో పనిచేసి, ఎంబుక్ (జరిగిన పని కొలతల పుస్తకం) రాయడం, బిల్లు తయారుచేయడం చేతికి వచ్చిన తర్వాత వెళితే, అక్కడి తరగతిలో చెప్పేది అతనికి అర్థమవుతుంది, ఉద్యోగానికి పిలిచినవారికి చెప్పుకోవడానికి పని ఉంటుంది.

ఇక డబ్బు విషయం. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మీరు పెద్దగా గమనించకుండా రాసిన ఒక మాట: మీ ఆయన రెండేళ్లలో తిరిగి వచ్చేస్తారు. 25 లక్షలు అప్పు తీసుకుని, మిగిలిన మూడు లక్షలు డిపాజిట్ల నుంచి పెడతారనుకుందాం. వడ్డీ 10.5 శాతం అయితే, ఏడాది చదువు, ఆపైన బ్యాంకు ఇచ్చే ఏడాది గడువు కలిపి రెండేళ్లలో సాధారణ వడ్డీయే సుమారు 5.25 లక్షలు పేరుకుంటుంది. అప్పటికి 30 లక్షలు దాటిన మొత్తాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 40,800 రూపాయల వాయిదా కట్టాలి. ఆ మొదటి వాయిదా మీ ఆయన చివరి జీతం అందుకున్న నెలలోనే మొదలవుతుంది. అబ్బాయికి అక్కడ ఉద్యోగం దొరికితే కట్టగలడు. దొరక్క వెనక్కి వస్తే, ఇక్కడ కొత్తగా చేరిన సివిల్ ఇంజనీరు జీతంతో అంత వాయిదా కట్టడం సాధ్యం కాదు, ఇంట్లో వేరే ఆదాయం చూస్తే మీ కుట్టుపని ఒక్కటే. చదువు తర్వాత అక్కడ ఉండి ఉద్యోగం వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా గడువు రెండేళ్లుండగా, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, మాస్టర్స్ విద్యార్థులకు దాన్ని 18 నెలలకు తగ్గిస్తున్నారు. కన్సల్టెన్సీ వారు మీకు ఈ సంగతి చెప్పారో లేదో అడగండి.

స్థలం అమ్మవద్దని గట్టిగా చెబుతున్నాను. స్థలం మీద మమకారంతో అంటున్న మాట కాదిది. మీ ఆయన తిరిగివచ్చాక మీ వృద్ధాప్యానికి మిగిలేది ఆ ఆరు సెంట్లే. పైగా స్థలం ఆయన పేరిట ఉంటే, ఎన్ఆర్ఐగా ఉన్నప్పుడు అమ్మితే కొనేవారు ధరలోంచి టీడీఎస్ (ముందస్తు పన్ను) కోయాలి. ఇక్కడ నివసించేవారు అమ్మితే ఈ ధరకు ఆ కోత ఉండదు. దీర్ఘకాలిక ఆస్తి అయితే 12.5 శాతం, దానిపై సెస్సు కోయవలసి ఉంటుంది. ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోత ధ్రువపత్రం ముందుగా తీసుకోకపోతే ఆ కోత మొత్తం ధర మీదే పడుతుంది, మిగిలింది రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకునేదాకా ఆగాలి. 2024 జూలై 23కు ముందు కొన్న స్థలానికి ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం పన్ను ఎంచుకునే వెసులుబాటు కూడా ఇక్కడ నివసించేవారికే ఉంది.

మరి ఏమి చేయాలి? అబ్బాయిని ఇప్పుడే ఉద్యోగంలో చేరమనండి. హైదరాబాదు, బెంగళూరు రెండూ మనకు ఒక రాత్రి ప్రయాణమే. మొదటి ఏడాది జీతంలో అద్దె, భోజనం పోగా పెద్దగా మిగలదు, దానికి నిరాశపడవద్దు. ఆ ఏడాదిలోనే ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ పరీక్షకు కూర్చోమనండి. ఐఐటీ మద్రాసులో, ఐఐటీ ఢిల్లీలో నిర్మాణ నిర్వహణకు ప్రత్యేకంగా ఎంటెక్ కోర్సులు ఉన్నాయి. గేట్ స్కోరుతో సీటు వచ్చినవారికి రెండేళ్లపాటు నెలకు 12,400 రూపాయల స్టైపెండు అందుతుంది. సీటు కష్టమే, కానీ ప్రయత్నానికి అయ్యే ఖర్చు దరఖాస్తు రుసుము, పుస్తకాలు మాత్రమే. అది రాకపోతే 1983లో నిర్మాణ రంగం కోసమే ఏర్పడిన నిక్మార్ ఉంది, పుణెలోనూ హైదరాబాదు శివారు శామీర్‌పేటలోనూ చదవవచ్చు. ఇలాంటి చోట ఎనిమిది లక్షలు అప్పు తీసుకుని, చదివేటప్పుడు వడ్డీ మాత్రం ఏ నెలకు ఆ నెల కట్టేస్తే, పది శాతం వడ్డీపై ఏడేళ్లకు వాయిదా నెలకు సుమారు 13,300 రూపాయలవుతుంది. 40,800కు, దీనికి ఉన్న తేడా ఒక ఇల్లు నడిచేంత. పైగా అప్పును 7.5 లక్షల లోపు ఉంచుకోగలిగితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి తాకట్టు అడగవు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, జాబితాలోని నాణ్యమైన విద్యాసంస్థల్లో ప్రతిభ ఆధారంగా సీటు పొందినవారికి, కుటుంబ వార్షికాదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే, పది లక్షల వరకు అప్పుపై గడువు కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. చేరే సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి. ఈ పథకం విదేశీ చదువుకు వర్తించదు.

రెండేళ్ల తర్వాత కూడా బ్రిటన్ వెళ్లాలన్న కోరిక గట్టిగా ఉంటే నేను అడ్డు చెప్పను. అప్పుడు మూడు విషయాలు కచ్చితంగా చూడాలి. కోర్సుకు ఆర్ఐసీఎస్ గుర్తింపు ఉండాలి. ఖర్చులో కనీసం కొంత భాగం అతను సంపాదించినదై ఉండాలి. డబ్బు పంపేటప్పుడు గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థ రుణం నుంచే పంపాలి. 2025 ఏప్రిల్ నుంచి అలా పంపే మొత్తంపై టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను) లేదు. సొంత డబ్బు ఏడాదిలో పది లక్షలు దాటి పంపితే ఉంటుంది.

మీ ఆయన మీ అబ్బాయిని గల్ఫ్‌కు పంపడం గురించి కూడా ఆలోచిస్తూ ఉండవచ్చు. కడప నుంచి కువైట్‌కు వెళ్లినవారిలో చాలామంది శరీరశ్రమతో సంపాదించారు. అక్కడి పెద్ద నిర్మాణాల్లో బ్రిటిష్ పద్ధతిలో కొలతలు, కాంట్రాక్టులు నడుస్తాయి కనుక, ఆర్ఐసీఎస్ సభ్యత్వం ఉన్న క్వాంటిటీ సర్వేయరు అదే విమానంలో వేరే స్థానానికి వెళతాడు. తండ్రి పదిహేడేళ్ల కష్టానికి అంతకన్నా మంచి కొనసాగింపు నాకు తోచడం లేదు. ఊరు విడవడం ఇష్టం లేకపోతే ఇక్కడా దారి ఉంది. సివిల్ డిగ్రీ తర్వాత ఐదేళ్ల అనుభవం, 50 గంటల శిక్షణ, ఐబీబీఐ (దివాలా వ్యవహారాల నియంత్రణ బోర్డు) పరీక్ష పూర్తిచేస్తే భూమి, భవనాల విభాగంలో రిజిస్టర్డ్ వాల్యుయర్, అంటే ఆస్తులకు విలువ కట్టే నిపుణుడు కావచ్చు. బ్యాంకులు ఇళ్ల అప్పులకు ముందు అడిగే విలువ నివేదికలు ఇచ్చే పనికి కూడా ఆ అనుభవం పునాది అవుతుంది.

మీ 11 లక్షల డిపాజిట్లను మూడు భాగాలు చేయండి. నాలుగు లక్షలు ఇంటి అత్యవసరాలకు, నాలుగు లక్షలు అమ్మాయి పై చదువుకు, మిగిలిన మూడు లక్షల వరకు అబ్బాయికి. ఆ గీత దాటవద్దు. డిపాజిట్లు ఎన్ఆర్ఈ (విదేశాల్లో ఉండేవారి) ఖాతాలో ఉంటే, మీ ఆయన స్థిరంగా తిరిగి రాగానే ఆ ఖాతాను మార్చాలి, ఆ తర్వాత వడ్డీపై పన్ను వర్తిస్తుంది. ఆయన వచ్చేదాకా ఆగకుండా ఇద్దరికీ ఆరోగ్య బీమా ఇప్పుడే తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు కనుక, ఆయన ఇంటికి చేరేసరికి అందులో రెండేళ్లు గడిచిపోయి ఉంటాయి.

ఈ వారంలో చేయవలసిన పని ఒక్కటే. కన్సల్టెన్సీ వారికి అడ్వాన్సు ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే, కోర్సు గుర్తింపు వివరాలు, ఎంత వెనక్కి ఇస్తారో ఏ తేదీలోపు ఇస్తారో రాతపూర్వకంగా తెప్పించుకుని నాకు పంపండి.